కేపీహెచ్‌బీ కాలనీ మారింది, మా గిర్ని వేళలూ మారుతున్నాయి

హైదరాబాద్ కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు (కేపీహెచ్‌బీ) కాలనీవాళ్లందరికీ నమస్కారం. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మా గిర్ని (పిండిమర)లో కారం మంగళ, శనివారాల్లోనే పడతాం, అదీ ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా. మిరపకాయలు కనీసం 2 కిలోలు ఉండాలి. చాలామందికి ఇది ఇబ్బందే, అందుకే కారణం కూడా చెబుతున్నాం.

తక్కువ, మధ్య ఆదాయం వాళ్ల కోసం హౌసింగ్ బోర్డు కట్టిన ఎల్‌ఐజీ, ఎంఐజీ ఇళ్లున్న రోజుల్లో డాబా మీద మిరపకాయలు ఎండబోసి, ఏడాదికి సరిపడా ఒకేసారి పట్టించుకునేవాళ్లు. 1998లో మాదాపూర్‌లో ఐటీ కంపెనీల సైబర్ టవర్స్ వచ్చాయి, 2017 నవంబరులో మెట్రో నడిచింది. ఇళ్లు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు అయ్యాయి. గిర్ని పక్కన ఖాళీ జాగా ఉన్నప్పుడు కారం ఘాటు గాలికి పోయేది. ఇప్పుడక్కడ హాస్టల్ కిటికీలున్నాయి. పొద్దున్నే, రాత్రిపూట గదుల్లో ఉండేవాళ్లను దగ్గించడం న్యాయం కాదు.

రెండో చిక్కు, కాయలు ఎండకుండానే వస్తున్నాయి. వంచితే టక్కున విరగాలి, ఊపితే లోపల గింజలు గలగలమనాలి. మెత్తగా వంగే కాయ మరలో పడితే జల్లెడ మూసుకుపోతుంది, మర వేడెక్కుతుంది, కారం నల్లబడి ఉండ కడుతుంది. డాబాకి తాళం ఉంటే బాల్కనీలో నూలుగుడ్డ మీద రెండు మూడు రోజులు ఎండబెట్టి, సాయంత్రం కాగానే లోపలికి తీయండి. ఆ వీలూ లేకపోతే మందపాటి మూకుడులో, సన్నటి సెగ మీద, కొద్దికొద్దిగా వేడి చేయండి. రంగు మారకముందే దించాలి. తొడిమలు ఇంట్లోనే తీసి తెండి.

అరకిలో కారం ఎందుకు పట్టబోమంటే, మర కడుపులో ఎప్పుడూ కొంత పొడి మిగిలిపోతుంది. అరకిలోలో అది పెద్ద నష్టం, పైగా ముందువాళ్ల కారం మీ దాంట్లో కలుస్తుంది. ఒకే రకం కాయ కొని, రెండు మూడు ఫ్లాట్లవాళ్లు కలిసి తెస్తే సరిపోతుంది.

గోధుమలు, జొన్నలు, రాగులకు మార్పేమీ లేదు, రోజూ పడతాం. పిండి వేడిగా ఉండగానే డబ్బా మూత బిగించకండి. ఆవిరి పట్టి ఉండలు కడుతుంది, పురుగూ తొందరగా చేరుతుంది. పేపరు మీద పరిచి, పూర్తిగా చల్లారాకే పోయండి. జొన్నపిండి వారానికి సరిపడానే పట్టించుకోండి, పాతబడితే జిగురు తగ్గి రొట్టె అంచులు పగులుతాయి. బిహార్ నుంచి వచ్చినవాళ్లు సత్తు కోసం వేయించిన శనగలు తెస్తున్నారు. అవి కూడా గోధుమ మరలోనే, రోజూ పడతాం.

వచ్చే ఆదివారం మర రాళ్లకు గంట్లు కొట్టిస్తున్నాం, అంటే అరిగిన గాట్లు మళ్లీ చెక్కిస్తున్నాం, గిర్ని ఉండదు. కొత్త గంట్ల రాయి నుంచి మొదట సన్నటి రాతిపొడి రాలుతుంది. అందుకని ముందు మా బియ్యం 5 కిలోలు పట్టి, ఆ పిండి పారబోస్తాం. మీ గోధుమలు సోమవారం మధ్యాహ్నం తర్వాత తెండి.