నల్లికి సాలీడు పేరెందుకు?

సంపాదకులు గారికి,

నమస్కారాలు. పెరటి మొక్కల మీద సాలెపురుగులు ఎక్కువయ్యాయని, వాటికి ఏ మందు కొట్టాలో చెప్పమని మీ వ్యవసాయ పేజీకి ఒక పాఠకురాలు రాసిన ప్రశ్న చదివాను. ఇదే ప్రశ్నతో కిందటి వేసవిలో నేను మందుల దుకాణానికి వెళ్లి, పెరడంతా పాడుచేసుకుని వచ్చాను. ఆ పొరపాటు ఆమె కూడా చేయకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. పక్కనే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుకునే కుటుంబాలు మా వీధిలో చాలానే ఉన్నాయి. ఏప్రిల్‌లో మా వంగ ఆకుల మీద సూదితో పొడిచినట్టు తెల్లని చుక్కలు కనిపించాయి. ఆకు తిప్పి చూస్తే అడుగున పొగలాంటి సన్నని గూడు. అదే సమయంలో జాజి పందిరి కింద, సరిగ్గా మనిషి ముఖం తగిలే ఎత్తులో, ఒక పెద్ద సాలీడు వల కట్టింది. వల నడుమ ఇంటూ గుర్తులాగా తెల్లని అల్లిక, దాని మీద కాళ్లు రెండేసి కలిపి చాపుకుని తలకిందులుగా సాలీడు. దాన్ని చూసి మా మనవడు పెరట్లోకి రావడమే మానేశాడు. వంగాకు ఒకటి తుంచి తీసుకెళ్లి చూపిస్తే, దుకాణదారు ఒక్క చూపు చూసి ‘నాలి బుఢియాణి’ అన్నాడు. ఒడియాలో నాలి అంటే ఎరుపు, బుఢియాణి అంటే సాలీడు. ఆకులను పాడుచేస్తున్నది పందిరి కింది సాలీడేనని నాకు నేనే నిర్ధారించుకుని, అతడిచ్చిన మందును వంగతో పాటు బెండకూ, జాజికీ కూడా కొట్టాను.

మర్నాడు పొద్దున తులసికోట చుట్టూ సాలీళ్లు కాళ్లు ముడుచుకుని పడి ఉన్నాయి. పని అయిందనుకున్నాను. రెండు వారాలు తిరిగేసరికి వంగ ఆకులు రాగి రంగుకు తిరిగి ఎండిపోయాయి, బెండ మొక్కను కదిలిస్తే తెల్లదోమ పిండి రేగినట్టు లేచేది.

ఆకు అడుగున ఉన్నది సాలీడు కాదని, ఎర్రనల్లి (మంచాల్లో ఉండే నల్లి కాదు, మొక్కలకు పట్టేది) అని ఆ తరువాత తెలిసింది. నల్లికీ సాలీడుకూ ఎనిమిదేసి కాళ్లు, రెండూ దూరపు చుట్టాలే. నల్లి కూడా సన్నని దారం తీస్తుంది కనుక ఇంగ్లీషులో దానికి సాలీడు పేరు తగిలించారు, ఆ పేరే మన భాషల్లోకీ దిగినట్టుంది, కాబట్టి దుకాణదారును నేను తప్పుపట్టను. అయితే నల్లి అర మిల్లీమీటరు కూడా ఉండదు, ఆకు రసం పీల్చి బతుకుతుంది. సాలీడు ఆకు జోలికే పోదు, ఆకును తినే పురుగులను తింటుంది. మామూలు పురుగుమందులు, ముఖ్యంగా సింథటిక్ పైరిత్రాయిడ్లు, సాలీళ్లనూ, నల్లిని తినే అక్షింతల పురుగులనూ చంపుతాయే తప్ప నల్లిని అంతగా ఏమీ చేయలేవు. అడ్డు తీసేశాక నల్లి ఇంకా పెరుగుతుంది. మా పెరట్లో జరిగింది అదే. వరి దుబ్బుల మొదళ్లలో పరుగెత్తి సుడిదోమను పట్టి తినే సాలీళ్లను కాపాడుకోవాలని రైతులకు వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు, పెరటి మొక్కల దగ్గరికి వచ్చేసరికి ఆ మాట మనకు గుర్తుండదు.

ఏది ఏదో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. చుక్కలు పడిన ఆకు కింద తెల్ల కాగితం పట్టి రెండు దెబ్బలు తడితే, మిరపపొడి రేణువుల్లాంటివి రాలి మెల్లగా పాకుతాయి. అది నల్లి. దానికి నేను ఇప్పుడు చేస్తున్నదల్లా వారానికి రెండుసార్లు పైపుతో ఆకుల అడుగు భాగం తడిసేలా గట్టిగా నీళ్లు కొట్టడం, బాగా పట్టిన ఆకులను తుంచి కాల్చేయడం, మరీ ఎక్కువైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లడం. రోడ్డు దుమ్ము పేరుకున్న ఆకుల మీద నల్లి త్వరగా పడుతుంది కనుక వీధి వైపు మొక్కలను ముందు కడుగుతాను.

ఇక దారికి అడ్డంగా వల కట్టే సాలీడు ఇబ్బందే, కాదనను. పొద్దున్నే ముఖానికి బూజు చుట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. దానికి మందు అవసరం లేదు. పొడుగాటి పుల్లకు వలను సాలీడుతో సహా చుట్టి, కంచె మీదికి చేరిస్తే చాలు. ఒకటి రెండు రోజులు మళ్లీ మళ్లీ అక్కడే కడుతుంది, విడవకుండా తీస్తే చోటు మారుస్తుంది. మా ఇంట్లో అసలు కారణం పందిరి పక్కన రాత్రంతా వెలిగే బల్బు. దాని వెలుగుకు పురుగులు, పురుగుల కోసం సాలీళ్లు. బల్బును వీధి గుమ్మం వైపు మార్చాక పందిరి కింద వలలు తగ్గాయి. గోడ వారన పేర్చిన పగిలిన కుండీలు, కొబ్బరి మట్టలు తీసేయడం కూడా పనిచేసింది.

వాడుక మాట కోసం గిడుగు రామమూర్తి పంతులు గారు పట్టుబట్టిన ఊరివాడిగా మీకొక విన్నపం. మీ వ్యవసాయ పేజీలో నల్లిని నల్లి అనే రాయించండి, ‘ఎర్ర సాలీడు’ అని అనువదించవద్దు. సరిహద్దుకు ఇవతల మాకు మందు సీసాల మీద తెలుగు దొరకడం అరుదు, మీ పత్రికలో వచ్చే పేరునే నమ్ముకుని దుకాణానికి వెళ్తాం. వేసవి ముదరక ముందే నల్లి పట్టిన ఆకు ఫోటో, పక్కనే సాలీడు ఫోటో వేస్తే ఆ పాఠకురాలికీ జవాబు దొరుకుతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.