అరటిపువ్వు కూర ఎక్కడ చెడింది?

విశాఖపట్నం,
ఆదివారం

చిన్నా,

"అరటిపువ్వు కూర నల్లగా, చేదుగా వచ్చిందమ్మా, పారేశాను" అని నిన్న నువ్వు ఫోన్లో అంటే నవ్వేశాను గానీ, తర్వాత మనసు పీకింది. ఒక్కడివే కూర్చుని అంత పువ్వూ వలిచావు కదా.

డొప్పల కింద ఉండే ఒక్కో చిన్న పువ్వులో తల లావుగా, అగ్గిపుల్లలా నిలబడే పుల్ల ఒకటి, దాని పక్కనే పల్చటి పొర ఒకటి ఉంటాయి. ఎంత ఉడికించినా ఆ రెండూ మెత్తబడవు, తీసెయ్యాలి. లోపల డొప్పలు తెల్లబడ్డాక ఆ పని లేదు, మొగ్గంతా తరిగెయ్యచ్చు. తరిగింది తరిగినట్టే పల్చటి మజ్జిగలో వెయ్యి, నల్లబడదు. తర్వాత ఉప్పు, పసుపు వేసి కచ్చాపచ్చాగా దంచి, గట్టిగా పిండాలి. కనరు పోయేది అక్కడే. నువ్వు పిండలేదని నా అనుమానం.

ఇక ఆవ. చింతపండు పులుసులో కూర ఉడికి, పోపు పడి, పొయ్యి మీంచి దింపాకే ఆవముద్ద కలపాలి. ఆవ మరిగితే చేదే. పెళ్ళయి వచ్చిన కొత్తలో నేనూ మరిగించాను. మీ నానమ్మ ఒక్క మాట అనకుండా తినేసి, మజ్జిగ మాత్రం రెండుసార్లు పోయించుకుంది.

హుద్‌హుద్ తుఫాను గుర్తుందా? 2014 అక్టోబరు 12. నీకు తొమ్మిదేళ్ళు. పెరట్లో అరటిచెట్లన్నీ పడిపోయాయి. కరెంటు లేదు, కూరగాయల్లేవు. మర్నాడు నానమ్మ కత్తి పట్టుకుని, గెల వేసిన చెట్టు ఒక్కటే వెతికి డొప్పలు ఒలిచింది. మిగతావి ముట్టుకోలేదు. గెల మోసే కాడే లోపలి దూట, గెల వెయ్యని చెట్టులో ఉండేవి డొప్పలే అని నాకు అప్పుడే తెలిసింది. చక్రాలు తరుగుతూ, ఒక్కోదానికీ సాగే పీచుని వేలికి చుట్టి లాగేసేది. ఆ పీచుని నువ్వు ఉంగరంలా పెట్టుకుని తిరిగావు. మజ్జిగ ఎక్కడిది, పాల పాకెట్టే దొరకలేదు. చింతపండు నీళ్ళలోనే వేసింది. ఆ రాత్రి కొవ్వొత్తి వెలుగులో, పప్పులో దూట ముక్కలు ఏరుకుని తిన్నావు.

పండక్కి వస్తావుగా, రైతుబజారులో లేత దూట చూసి తెస్తాను. పెరుగు పచ్చడి చేద్దాం.

ఈలోగా మళ్ళీ పువ్వు కొంటే చేతులకీ కత్తికీ నూనె రాసుకో. ఆ కొత్త నీలం చొక్కా మాత్రం వేసుకోకు, అరటి జిగురు మరక ఏ సబ్బుకీ పోదు.

అమ్మ