పేగుపూతకు పసుపు వాడినా, మాత్ర మాత్రం ఆపకండి

సంపాదకులకు,

అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు పూత ఉన్నవాళ్లు పసుపు పాలతోనో నేలవేము కషాయంతోనో నయమైపోతుందన్న మాట నమ్మి, పేగు వాపును అదుపులో ఉంచే మెసలమైన్ మాత్రలు ఆపేయడం మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో తరచూ కనిపిస్తోంది. మూలికల్లో సత్తా లేదని ఎవరూ అనరు. ఎంత మోతాదులో, ఏ రూపంలో, ఏ మందుకు తోడుగా పనిచేసిందో చెప్పకుండా పేరు చెప్పి అమ్మేయడంతోనే చిక్కంతా.

పసుపులో వాపును తగ్గించే పదార్థం కర్క్యుమిన్. పేగు గోడలో వాపును రగిలించే ఎన్ఎఫ్ కప్పా బి అనే ప్రోటీన్‌ను అది అణచివేస్తుంది. మెసలమైన్ పూర్తి మోతాదులో వాడినా తగ్గనివాళ్లకు, ఆ మాత్ర ఆపకుండానే రోజుకు 3 గ్రాముల కర్క్యుమిన్ నెల రోజులు ఇచ్చి చూశారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో 26 మందిలో 14 మందికి జబ్బు అదుపులోకి వచ్చింది. పోల్చి చూడటానికి మందు లేని మాత్ర ఇచ్చిన 24 మందిలో ఒక్కరికీ రాలేదు. కానీ ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసిన వేరే పరీక్షలో రోజుకు 450 మిల్లీగ్రాములే ఇచ్చినప్పుడు తేడా ఏమీ కనబడలేదు.

ఇక మన వంటింటి లెక్క చూద్దాం. పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. చెంచా పసుపు 3 గ్రాములనుకుంటే అందులో ఉండేది 90 మిల్లీగ్రాములు. 3 గ్రాములు కావాలంటే రోజుకు 100 గ్రాముల పసుపు మింగాలి. అది ఎవరి వల్లా కాదు. క్యాప్సూల్ కొనేటప్పుడు కూడా డబ్బా తిప్పి చూడాలి. '500 మి.గ్రా. పసుపు పొడి' అని ఉంటే అందులో అసలు సరుకు 15 మిల్లీగ్రాములే. అదే 500 మి.గ్రా.కు '95 శాతం కర్క్యుమినాయిడ్లు' (కర్క్యుమిన్, దాని జాతి పదార్థాలు) అని ఉంటే 475. రెండు డబ్బాల మీదా పసుపు కొమ్ము బొమ్మ ఒకేలా ఉంటుంది.

పసుపులో మిరియాలు కలపమని చాలామంది చెబుతారు. మిరియాల్లోని పైపరిన్ కర్క్యుమిన్‌ను రక్తంలోకి 20 రెట్లు ఎక్కువగా చేరుస్తుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించిన మాట నిజమే. కానీ పూత ఉన్నది పేగు లోపలి పొరలో. రక్తంలోకి పోకుండా పేగులో మిగిలిన కర్క్యుమిన్ నేరుగా ఆ పొరకే తగులుతుంది కదా. పైగా పైపరిన్ కలిసిన క్యాప్సూళ్లతో కాలేయం దెబ్బతిన్న కేసులు విదేశాల్లో నమోదయ్యాయి. ఈ జబ్బుకు మిరియాలు కలపనక్కర్లేదన్నది నా అభిప్రాయం. కర్క్యుమిన్ ఇనుమును కూడా పట్టేస్తుంది. నెత్తురు పోయి రక్తం తగ్గినవాళ్లు ఐరన్ మాత్రను వేరే పూట వేసుకోవాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.

ఒక పరీక్షలో పేగుపూత రోగులకు నేలవేము సారం రోజుకు 1,800 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు 60 శాతం మందికి ఉపశమనం కలిగింది. మందు లేని మాత్రతోనూ 40 శాతం మందికి కలిగింది. తర్వాత చేపట్టిన పెద్ద పరీక్ష ఫలితం రాదని తేలి మధ్యలోనే ఆగిపోయింది.

కలబంద గుజ్జు 100 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు రెండుసార్లు, నాలుగు వారాలు ఇచ్చిన చిన్న పరీక్షలో కొంత మేలు కనిపించింది. ఇంట్లో తీసేటప్పుడే పొరపాటు జరుగుతుంది. మట్టను కోయగానే తొక్క కింద నుంచి చేదు పసుపు జిగురు కారుతుంది. అది విరేచనకారి, పూత ఉన్న పేగుకు హాని. మట్టను నిలబెట్టి ఆ జిగురు పూర్తిగా కారిపోనిచ్చి, తొక్కను మందంగా చెక్కి, గుజ్జును బాగా కడిగాకే వాడాలి.

సాంబ్రాణి జాతికి చెందిన శల్లకి చెట్టు బంక మీద కూడా ఈ జబ్బుకు పరీక్షలు జరిగాయి గానీ, అవి మరీ కొద్దిమంది మీద. మన శేషాచలం కొండ సాంబ్రాణి దానికి దాయాదే తప్ప అదే చెట్టు కాదు. తూర్పు కనుమల్లో తప్ప ఇంకెక్కడా పెరగని ఆ చెట్టుకు పేగుపూత పేరుతో గాట్లు పెట్టి బంక తీయడం అన్యాయం.

మలంలో రక్తం పడితే మొలలే అనుకుని నెలల తరబడి పసరు మందు మింగేవాళ్లు ఒకసారి మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగులో వాపు ఉంటే పెరిగే ప్రోటీన్) పరీక్ష చేయించుకోవాలి. అది గ్రాము మలానికి 250 మైక్రోగ్రాములు దాటితే కొలనోస్కోపీ (గొట్టం కెమెరాతో పెద్దపేగును చూసే పరీక్ష) వాయిదా వేయొద్దు. రోజుకు ఆరుసార్లు గానీ అంతకు మించి గానీ రక్త విరేచనాలు, వాటితో పాటు జ్వరం గానీ నాడి నిమిషానికి 90 దాటడం గానీ ఉంటే ఏ మూలికా వద్దు, ఆసుపత్రికి వెళ్లాలి.

ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రి, అల్లోపతి వైద్యం చేసే స్విమ్స్ ఆసుపత్రి రెండూ తిరుపతిలోనే ఉన్నాయి. కొలైటిస్ రోగికి ఒకే చీటీ ఉండాలి. ఏ మాత్ర ఎంత, ఏ మూలిక ఎంత, ఎప్పుడు మొదలైంది అన్నవి ఇద్దరు డాక్టర్లూ అందులోనే రాయాలి. ఆ ఏర్పాటు అయ్యేదాకా రోగులే ఒక నోటుపుస్తకంలో రాసుకుని రెండుచోట్లా చూపించాలని మనవి.

ఇట్లు,
ఒక ఆయుర్వేద వైద్యుడు, తిరుపతి