సున్నా రాసే ముందు

తిరుపతి, బైరాగిపట్టెడ

పాపా,

నిన్న రాత్రి ఫోన్లో ఏడుపు ఆపుకుంటూ మాట్లాడావు. "ఆరు ఎలుకల ప్లీహాలు తీశాను నాయనా, ఎలిస్పాట్ ప్లేటులో ఒక్క స్పాట్ కూడా లేదు" అన్నావు. యాంటీబాడీ వదిలే కణాలను ఒక్కోదాన్ని ఒక్కో రంగు చుక్కగా చూపించే పరీక్ష కదా అది. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. అమ్మ పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను.

మా ల్యాబులో ఎలిస్పాట్ లేదు. 1963లో నీల్స్ యెర్నె, నార్డిన్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన ప్లాక్ పరీక్షే చేసేవాళ్లం. గొర్రె మెడ నరంలోంచి రక్తం తీసి, సెలైన్‌తో మూడుసార్లు కడిగి, ఆ ఎర్రకణాలను ఎలుకకు ఎక్కించేవాళ్లం. నాలుగో రోజో ఐదో రోజో ప్లీహం తీసి, దాని కణాలను అవే గొర్రె కణాలతో అగార్ అనే జెల్లీలో కలిపి పలచగా పరిచేవాళ్లం. యాంటీబాడీ తయారుచేసే తెల్లకణాన్ని బి కణం అంటాం, అది వదిలే యాంటీబాడీ చుట్టుపక్కల గొర్రె కణాలకు అంటుకుంటుంది. ఆ మీద గినీపిగ్ సీరం పోస్తే అందులోని కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల గుంపు వాటిని పగలగొడుతుంది. ప్లేటును వెలుతురుకు ఎత్తి చూస్తే ఎర్రటి పొరలో గుండ్రంగా తేట మచ్చలు. ఒక్కో మచ్చ నడుమ ఒక్కటే కణం. మొదటిసారి మైక్రోస్కోపులో ఆ ఒంటరి కణాన్ని చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఒక మే నెలలో రాత్రంతా కరెంటు పోయింది. మన ఊరి ఎండాకాలం నీకు తెలియనిది కాదు. ఆ తర్వాత చేసిన ప్లేట్లలో ఒక్క మచ్చ రాలేదు. ఎలుకలే స్పందించలేదనుకుని నోటుబుక్కులో వరసగా సున్నాలు వేసేశాను. మా సార్ చూసి, "కాంప్లిమెంట్ పనిచేస్తోందని ఎట్లా తెలుసు?" అని ఒక్క మాట అడిగారు. గొర్రె కణాలకు వాటిని పట్టుకునే యాంటీబాడీలున్న మంచి యాంటీసీరం కలిపి, ఆ గినీపిగ్ సీరమే పోసి చూశాను. ఒక్క కణమూ పగల్లేదు. రాత్రి వేడికి కాంప్లిమెంట్ చచ్చిపోయింది. ఎలుకలు తమ పని తాము చేశాయి, నేనే చూడలేకపోయాను. ఆ ప్రాణాలు వృథాగా పోయాయన్న బాధ ఇప్పటికీ ఉంది.

నీ పరీక్షలో కాంప్లిమెంట్ లేదు, కానీ అట్లా చచ్చిపోగలిగినవి చాలా ఉన్నాయి. కాబట్టి ముందు ప్లేటులోని గుంటల్లో కంట్రోల్ వెల్ చూడు. ఎలుకకు ఎక్కించిన పదార్థానికి, అంటే యాంటిజెన్‌కు బదులు, ఎలుక యాంటీబాడీలన్నిటినీ పట్టుకునే యాంటీబాడీని పూసిన వెల్ అన్నమాట. అందులోనూ ఏమీ రాకపోతే తప్పు ఎలుకది కాదు. ఎంజైమో రంగో పాడై ఉండాలి, లేదంటే ఎర్రకణాలను తొలగించేటప్పుడు అమ్మోనియం క్లోరైడ్‌లో ఎక్కువసేపు ఉంచి అన్ని కణాలనూ చంపేసి ఉండాలి. చచ్చిన కణాలకే పట్టే నీలిరంగు, ట్రైపాన్ బ్లూ వేసి చూశావా? కంట్రోల్‌లో స్పాట్లు వచ్చి, యాంటిజెన్ వెల్‌లో మాత్రమే రాకపోతే, యాంటిజెన్ వెల్ అడుగున సరిగ్గా అంటుకుందో లేదో చూడు. ప్లీహం ఏ రోజు తీశావో కూడా చెప్పు. మొదటి డోసు తర్వాత నాలుగో రోజే ఐజీజీ రకం యాంటీబాడీ వదిలే కణాల కోసం వెతికితే దొరికేవి తక్కువ, అప్పటికి ఎక్కువగా ఉండేవి ఐజీఎం రకం వదిలే కణాలే.

స్పాట్లు వచ్చాక కూడా మెషిన్ చెప్పిన అంకెను అట్లాగే రాసుకోవద్దు, కంటితో చూడు. చాక్‌పీసు మీద సిరా చుక్క పడితే నడుమ చిక్కగా, అంచుల్లో పలచగా పాకుతుంది చూడు, నిజమైన స్పాట్ అట్లా ఉంటుంది. అంచు గీత గీసినట్టుంటే అది మురికో, రంగు ముద్దో. కణాలను సగానికి తగ్గిస్తే స్పాట్లూ దాదాపు సగం కావాలి. మరీ కిక్కిరిసిన వెల్‌లో ఒకదానిమీద ఒకటి పడి లెక్క తగ్గుతుంది, దాన్ని నమ్మకు. లక్ష కణాలకు 30 స్పాట్లు వస్తే పది లక్షలకు 300 అని ధైర్యంగా రాయొచ్చు. ఇంక్యుబేటర్‌లో ఉన్నంతసేపు ప్లేటును ఎవరూ కదపకుండా చూసుకో. కదిలితే కణం జరిగి స్పాట్ తోకలా సాగుతుంది.

ఇంకో ఎలుకను తీసే ముందు, మిగిలిన కణాలు బతికి ఉంటే వాటితోనే కంట్రోల్ వెల్ ఒక్కటి చేసి, ఫోటో పంపు. ఎంత రాత్రయినా పర్వాలేదు, మేలుకునే ఉంటాను.

నీ నాయన