నాన్నగారి కోసం కాల్చిన కూరగాయల సూపు

ఎడిన్‌బరో,
డిసెంబరు నెల.

అమ్మకు నమస్కరించి నీ చిన్నమ్మాయి వ్రాయునది.

నేను క్షేమంగా ఉన్నాను. ఆఫీసు పని ఎప్పటివలెనే సాగుతోంది, దాని గురించి వ్రాయవలసినది ఏమీ లేదు. మొన్న ఫోనులో, అమలాపురం వెళ్ళి పళ్ళు తీయించుకున్న దగ్గర నుంచి నాన్నగారు జావ, మజ్జిగన్నం తప్ప మరొకటి ముట్టడం లేదని చెబుతూ నువ్వు గొంతు తగ్గించుకున్నావు. ఆ వెంటనే, నేను రాత్రిపూట అన్నం మానేసి ఏదో సూపు తాగి పడుకుంటున్నానని అక్క చెప్పినట్టు నిష్ఠూరమాడావు. రెండింటికీ కలిపి సమాధానం వ్రాస్తున్నాను, ఎందుకంటే నేను తాగుతున్న ఆ సూపే నాన్నగారికి కూడా సరిపోతుందని నాకు గట్టి నమ్మకం.

అది నీళ్ళచారు కాదమ్మా. ఈ నెలలో ఇక్కడ నాలుగు గంటలు కాకముందే పొద్దు గూకిపోతుంది, చీకటిపడ్డాక ఒక్కదాన్నే కూర్చుని అన్నం తినబుద్ధి కాదు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం అన్నం, పప్పు, నువ్వు పంపిన మాగాయ తప్పకుండా ఉంటాయి. రాత్రికి బటర్‌నట్ అనే గుమ్మడి జాతి కాయ, ఎర్ర క్యాప్సికం, క్యారెట్లు, టమాటాలు, ఉల్లిపాయలు ఒకే పరిమాణంలో ముక్కలు కోసి, రెండు చెంచాల నూనె పట్టించి, వెల్లుల్లిపాయను రెబ్బలు విడదీయకుండా పొట్టుతోనే పక్కన పెట్టి, 200 డిగ్రీల ఓవెన్‌లో సుమారు 40 నిమిషాలు కాలుస్తాను. ముక్కలు ట్రేలో ఒకే వరుసగా, ఎడంగా ఉండాలి. ఇరికించి పోస్తే వాటిలోంచి వచ్చే ఆవిరి బయటికి పోలేక ముక్కలు ఉడుకుతాయే తప్ప కాలవు. సగం సేపటికి ఒకసారి తిరగవేయాలి. అంచులు గోధుమరంగుకు తిరిగే వేళకు ఇల్లంతా కమ్ముకునే వాసన, నువ్వు కుంపట్లో కొబ్బరి డొక్కల నిప్పుల మీద పచ్చడికి వంకాయ కాల్చినప్పటి వాసనలాగే ఉంటుంది. ఆ కాసేపు నేను వంటింట్లోంచి కదలను. ఓవెన్ వేడికి గది కూడా వెచ్చబడుతుంది, అక్కడే స్టూలు వేసుకుని కూర్చుంటాను.

నాన్నగారు బడిలో సైన్సు చెప్పిన మనిషి కనుక ఈ మాట ఆయనకు చదివి వినిపించు. మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీలకు మించి వేడెక్కవు కనుక ఉడికించిన కూరకు ఆ రంగూ రుచీ రావు. ఓవెన్‌లో ముక్క పైభాగం ఆరిపోయి సుమారు 140 డిగ్రీలు దాటాక, అందులోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి కొత్త రంగునూ వాసననూ పుట్టిస్తాయి. ఈ చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరుతోనే దానిని పిలుస్తారు. నువ్వు ఏనాటి నుంచో నిప్పుల మీద చేస్తున్న పని అదే.

కాలిన ముక్కలను గిన్నెలోకి తీసి, ట్రేకు అంటుకున్న మాడును కూడా వేడినీళ్ళు పోసి గీకి కలుపుతాను, అసలు రుచి అందులోనే ఉంటుంది. వెల్లుల్లి రెబ్బలను పొట్టులోంచి పిండితే వెన్నముద్దల్లా జారుతాయి. ఇక్కడివారు రుచి కోసం సూపులో వేసే స్టాక్ క్యూబులనే బిళ్ళలను నేను వాడను. వాటిలో ఉప్పు ఎక్కువ, నాన్నగారి బి.పి.కి అవి బొత్తిగా పనికిరావు. పిడికెడు పెసరపప్పు విడిగా మెత్తగా ఉడికించి కలుపుతాను, కూరగాయలు మాత్రమే అయితే ఒంటికి బలం చాలదు. పది నిమిషాలు మరగనిచ్చి, హ్యాండ్ బ్లెండర్‌ను గిన్నెలోనే ముంచి మెత్తగా తిప్పి, పొయ్యి కట్టేశాక కాస్త చిక్కటి కొబ్బరిపాలు పోస్తాను. కొబ్బరిపాలు పోసిన తరువాత మరిగిస్తే విరుగుతాయి, ఆ సంగతి నీకు నేను చెప్పనక్కరలేదు.

మన ఇంట్లో ఓవెన్ లేదని వెనుకాడవద్దు. లంక గుమ్మడికాయ ముక్కలను ఇనుప మూకుట్లో కొద్దికొద్దిగా వేసి, పెద్ద మంట మీద కదపకుండా ఒక్కో వైపూ ఎర్రబడనివ్వు. టమాటాలను సగానికి కోసి, కోసిన వైపు కిందికి వచ్చేట్టు పెనం మీద బోర్లించు. కొంచెం ఎక్కువ సేపు నిలబడవలసి వస్తుంది, నీ మోకాళ్ళ గురించి నాకు బెంగగానే ఉంది, పిన్నిని తోడు పిలుచుకో. వేడివేడిగా మిక్సీలో మాత్రం వేయవద్దు. ఆవిరి లోపల చేరి మూతను ఎగదన్ని చేతులు కాలుతాయి.

ఆ భయం లేకుండా ఉండాలనే బ్లెండర్ ఒకటి కొని, సంక్రాంతికి వస్తున్న పెద్దమావయ్యగారి అబ్బాయి చేతికి ఇచ్చాను. అక్కడా ఇక్కడా కరెంటు 230 వోల్టులే కనుక అది మన ఇంట్లో పనిచేస్తుంది. ప్లగ్గు పుల్లలు మాత్రం వేరు, అందుకని అడాప్టర్ కూడా అదే సంచిలో పెట్టాను. కత్తి పూర్తిగా మునిగాకే స్విచ్చి నొక్కు, లేకపోతే చింది మీద పడుతుంది. నిమిషానికి మించి ఏకధాటిగా తిప్పవద్దు, మోటారు వేడెక్కుతుంది. కడిగేటప్పుడు ముందు ప్లగ్గు తీసేయి. ఇది ఖర్చు దండగ అని నాన్నగారు అంటారని తెలుసు, ఆయన కోసం కొనకపోతే నేను ఇంకెవరి కోసం కొంటాను?

ఉప్పు సగానికి తగ్గించి మిరియాలపొడి, నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే చప్పగా తోచదు. మొదటి రోజు గోరువెచ్చగా, పలచగా ఇవ్వు, చిగుళ్ళు పచ్చిగా ఉంటాయి కనుక ఆ రోజు మిరియాలూ నిమ్మరసమూ వద్దు. మిగిలితే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టు, మూడు రోజులు నిలవ ఉంటుంది, తాగేటప్పుడు కావలసినంతే వేడిచేయి. ఆయన ఎంత తాగారో, ఏమన్నారో దాచకుండా ఫోనులో చెప్పు. చిక్కదనం చాలలేదంటే ఈసారి చిలగడదుంప కూడా ఒకటి వేయవచ్చు.

ఇట్లు,
నీ చిన్నమ్మాయి.