విడిగా తీసుకున్న పవర్ కేబుల్ వాడకండి, మాకు తిరిగి ఇచ్చేయండి

మా దగ్గర విడిభాగాలు కొని కంప్యూటర్ అమర్చుకున్న వారందరికీ ఒక విన్నపం. పవర్ సప్లైతో (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే డబ్బాతో) పాటు పెట్టెలో వచ్చినవి కాకుండా, దాని నుంచి లోపలి భాగాలకు వెళ్లే పవర్ కేబుల్ ఏదైనా విడిగా మా దగ్గర తీసుకుని ఉంటే, ముందు కంప్యూటర్ ఆపి, గోడ స్విచ్చి కూడా ఆపేసి, ఆ తర్వాత మిగతాది చదవండి. తప్పు మాదే.

మొదటిసారి తన చేతులతో కంప్యూటర్ అమర్చుకుంటున్న ఒక విద్యార్థి, పాత హార్డ్ డిస్కు కూడా తగిలించుకోవాలని, డిస్కులకు కరెంటు అందించే సాటా పవర్ కేబుల్ ఇంకొకటి ఉందా అని అడిగాడు. పాత పవర్ సప్లైల నుంచి మిగిలినవన్నీ మేము ఒకే పెట్టెలో వేసేవాళ్లం. అందులోంచి ఒకటి తీసి, అతని సప్లైలో సరిగ్గా కూర్చుంటోందని చూసి నేనే ఇచ్చాను.

ఇంటికి వెళ్లి బటన్ నొక్కితే ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కినా అంతే. రెండు రోజులు అతను తన పనిలోనే లోపం వెతుక్కున్నాడు. ర్యామ్ తీసి పెట్టాడు. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల ప్లగ్ మళ్లీ నొక్కి చూశాడు. మదర్‌బోర్డు కింద అదనపు ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును ఎత్తులో నిలిపే చిన్న మర) ఏదైనా తగిలి షార్టవుతోందేమోనని బోర్డు మొత్తం బయటికి తీశాడు. అనుభవం ఉన్నవాళ్లు చేసే పని కూడా ఇదే. అన్నీ సరిగ్గా చేసి, తన చేతకానితనమే కారణమనుకుని మా దగ్గరికి వచ్చాడు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే.

డ్రైవులకు, అంటే హార్డ్ డిస్కుకూ ఎస్‌ఎస్‌డీకీ (చిప్పుల్లో డేటా దాచే డిస్కు) వెళ్లే కేబుల్ ఊడదీయగానే కంప్యూటర్ మామూలుగా లేచింది. తగిలిస్తే మళ్లీ ఆగింది. అంటే ఆ దారిలో ఎక్కడో షార్ట్ ఉంది, సప్లై తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. డ్రైవులు పక్కన పెట్టి, ఆ కేబుల్ ఒక్కటే తగిలించి, చివర మల్టీమీటరుతో చూశాను. 5 వోల్టులు ఉండాల్సిన చోట 12.1 చూపించింది. తీగలన్నీ నలుపే కాబట్టి రంగు చూసి పసిగట్టే వీలు లేదు.

డ్రైవు వైపు సాటా ప్లగ్ అన్నిచోట్లా ఒకటే. సప్లై వైపు మాత్రం ఏ పిన్నులో ఏ వోల్టేజి అన్నది ఒక్కో కంపెనీ ఒక్కో వరుసలో పెడుతుంది. ఒకే కంపెనీలో కూడా మోడల్ మారితే వరుస మారవచ్చు. చాలాసార్లు ప్లగ్ ఆకారం ఒకటే కాబట్టి వేరే సప్లైది కూడా ఏ ఇబ్బందీ లేకుండా దూరిపోతుంది. ఇది తెలిసి కూడా తొందరలో ప్లగ్ పట్టిందా లేదా అన్నదే చూశాను.

అతని ఎస్‌ఎస్‌డీ పూర్తిగా పోయింది, మా ఖర్చుతో కొత్తది ఇచ్చాం. హార్డ్ డిస్కు బోర్డు మీద ఉండే చిన్న రక్షణ డయోడ్ తాను షార్టయి అధిక వోల్టేజిని అడ్డుకుంది. ఇలాంటప్పుడు లోపలి డేటా చాలాసార్లు బాగానే ఉంటుంది. అందులో ఇంటివాళ్ల ఫొటోలు ఉన్నాయి కాబట్టి సొంత ప్రయోగాలు చేయకుండా, డేటా తీసే నిపుణుల దగ్గరికి మేమే పంపాం. ఫలితం ఇంకా రాలేదు.

ఇలా కేబుల్ తీసుకున్నవారు ఎవరైనా ఉంటే తెచ్చి ఇవ్వండి. దానివల్ల ఏదైనా కాలిపోయి ఉంటే ఆ భాగమూ తీసుకురండి, ఖర్చు మేము పెట్టుకుంటాం. ఇప్పుడు బాగానే నడుస్తోంది కదా అని ఉంచుకోకండి. వరుస కలిసింది కాబట్టే నడుస్తోంది. రేపు సప్లై మార్చి అదే కేబుల్ తగిలిస్తే డ్రైవులు పోవచ్చు. కంప్యూటర్ హఠాత్తుగా ఆగిపోయినా సరే, పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజి మిగిలి ఉంటుంది.

ఆ పెట్టె ఖాళీ చేసి, ఏ సప్లైవో తెలియని కేబుళ్లన్నీ కత్తిరించి పారేశాం. ఇకపై మోడల్ పేరు రాసిన చీటీ లేకుండా ఒక్క కేబుల్ కూడా మా బల్ల దాటదు. చీటీ ఉన్నా, మీ సప్లైకి తగిలించి మీ ఎదుటే మీటరుతో చూపించి ఇస్తాం. ఆ హార్డ్ డిస్కు సంగతి తెలియగానే మీకు చెబుతాను.