బాతుల వేటకి పోవద్దురా శీనూ

రేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో మాటల మధ్యలో, అక్కడ ఆస్ట్రేలియాలో మీ ఆఫీసులో ఎవరో బాతుల వేటకి రమ్మన్నారని, సీజన్ మొదలవగానే వెళ్దామనుకుంటున్నానని అన్నావు చూడు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో వాదించడం నాకు చేతకాదు, అందుకే గుంటూరు నుంచి ఇంత ఉత్తరం. పోవద్దురా.

నాకు పదేళ్ళప్పుడు కైకలూరులో పెదనాన్న వాళ్ళింట్లో పరజ, అదే అడవి బాతు, కూర వండారు. కొల్లేటి పరజ పెట్టారంటే చుట్టానికి పెద్ద మర్యాద. తింటుంటే పంటికింద ఏదో టక్కుమంది, రాయనుకుని ఉమ్మేస్తే ఆవగింజకంటే కాస్త పెద్దదైన సీసపు గుండు. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే అక్కడ ఇంకో పరజ, కాళ్ళు కట్టేసి ఉంది, ఒక రెక్క విరిగి వేలాడుతోంది, కన్ను మాత్రం రెప్ప వేస్తూ నన్నే చూస్తోంది. మళ్ళీ ఆ కూర ముట్టలేదు.

ఒక పిట్టకి ఒక తూటా అనుకుంటున్నావేమో, కాదు. ఒక్క తూటాలో వందకు పైగా గుండ్లుంటాయి, విత్తనాలు చల్లినట్టు పోతాయి. గురిపెట్టిన బాతు పడితే పడుతుంది, పక్కన ఎగిరేవాటికి ఒకటో రెండో తగిలి ఎక్కడో రెల్లులో దిగి మెల్లగా చస్తాయి. మీ విక్టోరియాలో సీసం బదులు వేరే గుండ్లే వాడాలి, పిట్టల్ని గుర్తుపట్టే పరీక్ష కూడా పాసవ్వాలి, ఒప్పుకుంటా. కానీ రివ్వున పోయేది ఏ బాతో ఎలా చెప్తావు?

మీ దేశంలోనే వెస్టర్న్ ఆస్ట్రేలియా 1990లో, న్యూ సౌత్ వేల్స్ 1995లో, క్వీన్స్‌లాండ్ 2005లో బాతుల వేట ఆపేశాయి. విక్టోరియాలోనూ 2023లో పార్లమెంటు కమిటీ ఆపెయ్యమంది, 2024 జనవరిలో ప్రభుత్వమే కాదంది. వానల్లేని ఏడు మిగిలిన నాలుగు మడుగుల్లోనే పిట్టలన్నీ చేరతాయి కదా, తుపాకులూ అక్కడికే వస్తాయి, నాకు అదే కడుపు మండుతుంది.

మన దగ్గరా తక్కువ జరగలేదు. 1938 నవంబరు 12న భరత్‌పూర్‌లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో వేటలో ఒక్క రోజే 4,273 పిట్టల్ని కొట్టారు. ఇప్పుడది నేషనల్ పార్క్. మన కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది, అయినా చేపల చెరువులు దాన్ని తినేశాయి, 2006లో గట్లు కొట్టించాల్సి వచ్చింది. తుపాకీ ఆపినంత మాత్రాన సరిపోదురా, పిట్ట దిగడానికి నీళ్ళుండాలి.

మన గుంటూరు పక్కన ఉప్పలపాడు పిట్టల చెరువు గుర్తుందా? సైకిళ్ళేసుకుని వెళ్ళేవాళ్ళం, చెరువు మధ్య సర్కారు తుమ్మల మీద గూడబాతులు కొమ్మలు వంగేట్టు కూర్చునేవి. ఇప్పటికీ వస్తున్నాయి. పోయిన ఆదివారం మా పాపని తీసుకెళ్ళా, గూడబాతు పిల్ల తల్లి గొంతులోకి ముక్కు దూర్చి చేప లాక్కుంటుంటే అరగంట కదల్లేదు పాప.

మీ విక్టోరియాలో లారీ లెవీ అనే ఆయన 1986లో మొదలుపెట్టిన జట్టు ఉంది, సీజన్ రోజున నీళ్ళలో దిగి గాయపడ్డ బాతుల్ని బయటికి తెస్తారు. వెళ్ళాలనుంటే వాళ్ళతో వెళ్ళు. సంక్రాంతికి వస్తున్నావు కదా, ఉప్పలపాడు పోదాం, బైనాక్యులర్స్ నేను తెస్తా. ఆ కొలీగ్‌కి ఏం చెప్పావో మాత్రం ఈలోగా ఫోన్ చేసి చెప్పు.

నీ,
బాబ్జీ